ఉత్తరం చేరిన ఊళ్ళు



తపాలా శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి చరిత్ర విద్యార్థుల స్నాతకోత్సవానికి ఎందుకు పిలిచారో మీ శాఖవారికే తెలియాలి. నాకు తెలిసిన సంగతి మటుకు ఒక్కటే. రెవెన్యూ రికార్డుల్లో కనిపించని ఊళ్ళు కొన్ని పోస్టాఫీసు కాగితాల్లో కనిపిస్తాయి. ఆ సంగతే చెప్పి కూర్చుంటాను.

రెవెన్యూవారికి ఊరంటే భూమి. సర్వే నంబర్లు, శిస్తు, అడంగల్, తెలంగాణలో అయితే పహాణీ. జనమంతా లేచిపోయి ఒక్క గడపా మిగలకపోయినా పొలం ఉంది కనక, ‘బేచిరాకు గ్రామం’ అని రాసి ఆ పేరును ఏళ్ళ తరబడి మోస్తారు. అదే ఒక నలభై కుటుంబాల పాలెమో గూడెమో ఉండి, అక్కడివాళ్ళకు సెంటు భూమి కూడా లేదనుకోండి, అది పక్క ఊరికి మజరా అవుతుంది. చాలాసార్లు ఆ మాత్రం ప్రస్తావన కూడా ఉండదు. పోస్టాఫీసుకు శిస్తుతో పనిలేదు. కార్డు మీద ఎవరో ఒక ఊరి పేరు రాశారు, దాన్ని అక్కడికి చేర్చాలి, అంతే. ఆ ఊరికి సర్వే నంబరు ఉందా లేదా అని పోస్టుమాన్ అడగడు.

ఈ పని కోసం మా శాఖలో ‘విలేజ్ సార్టింగ్ లిస్టు’ అని ఒకటి ఉండేది. ఒకవైపు ఊళ్ళ పేర్లు అక్షర క్రమంలో, ఎదురుగా ఏ ఊరి ఉత్తరం ఏ ఆఫీసు నుంచి బట్వాడా అవుతుందో. ఊరు, శివారు, పాలెం, గూడెం అన్నీ అందులో ఒకే వరసలో నిలబడతాయి. పెద్ద ఊరికి పెద్దక్షరాలు లేవు. పాత లిస్టునూ కొత్త లిస్టునూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ పేరు రాలిపోయిందో, ఏ పేరు కొత్తగా చేరిందో, ఏ పాలెం ఒక బ్రాంచి కింద నుంచి మరో బ్రాంచి కిందికి మారిందో తేలుతుంది. మారిందంటే మధ్యలో ఏదో జరిగింది: రోడ్డు పడింది, కాలువ వచ్చింది, లేదా జనమే జరిగారు. ఏం జరిగిందో లిస్టు చెప్పదు. అది వెళ్ళి అడగాల్సింది మీరు.

బ్రాంచి తెరిచిన దస్త్రం దొరికితే ఇంకా అదృష్టం. దగ్గరి ఆఫీసు ఎన్ని మైళ్ళు, చుట్టూ ఏయే ఊళ్ళు, వచ్చే ఉత్తరాలెన్ని, ఖర్చుకు తగ్గ రాబడి ఉంటుందా, ఇవన్నీ అందులో ఉండాలి. ముందు ప్రయోగాత్మకంగా తెరిచేవారు, గిట్టకపోతే మూసేసేవారు. చాలాచోట్ల పోస్టుమాస్టరంటే బడిపంతులే. కనక పోస్టాఫీసు వెలిసిన ఊళ్ళో అప్పటికే బడి ఉందని అనుమానించవచ్చు. అనుమానించమంటున్నాను, రాసెయ్యమనడం లేదు.

ఈ విషయంలో అమెరికావాళ్ళను చూస్తే నాకు అసూయ. 1837 నుంచి 1950 దాకా వాళ్ళ తపాలా శాఖ పోస్టుమాస్టర్ల చేత పూర్తి చేయించిన స్థల నివేదికలు వాళ్ళ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. దగ్గర ఏ నది, ఏ వాగు, ఏ రైలు స్టేషను, చుట్టుపక్కల పోస్టాఫీసులేవి అని అడిగేవారు. పటం కూడా గీసి పంపమనేవారు. 1901లో ఆ దేశంలో 76,945 పోస్టాఫీసులుండేవి. ఇంటింటికీ గ్రామీణ బట్వాడా 1896లో మొదలై విస్తరించాక అందులో వేలకు వేలు మూతపడ్డాయి. పోస్టాఫీసు పేరే ఊరి పేరుగా బతికిన చోట్లు పటంలోంచి జారిపోయాయి. ఇప్పుడు అక్కడివాళ్ళు తమ ముత్తాతల ఊరు వెతుక్కోవడానికి ఆ చేతిగీతల పటాలే తెరుస్తున్నారు.

మనకు అలాంటి పటాలు లేవు. మనకున్నవి ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు.

ఉత్తరాంధ్ర సంగతి తీసుకోండి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలికి రంగూన్ వెళ్ళారు. కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని తర్వాత పూడిపోయినా, బర్మాలో తెలుగువాణ్ణి ఆ రేవు పేరుతో ‘కోరంగీ’ అనే పిలిచారు. 1937 ఏప్రిల్ వరకు బర్మా ఇండియాలో భాగమే. పోస్టాఫీసు మనియార్డరు 1880లోనే వచ్చింది. ఓడరేవులో బస్తాలు మోసినవాడి కూలి సముద్రం దాటి పలాస దగ్గరో సోంపేట దగ్గరో ఒక పాలెంలో తల్లి చేతికి చేరేది.

ఆ మనియార్డరు ఫారం సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. డబ్బు పుచ్చుకున్నవాళ్ళకు చదువు రాకపోతే వేలిముద్ర వేసేవారు, పక్కన సాక్షి సంతకం. ఆ సంతకం ఎవరిది? ఆ పాలెంలో అక్షరం ముక్క వచ్చినవాడెవరో అక్కడ తెలుస్తుంది. నెల తర్వాత నెల అదే సంతకం కనిపిస్తే ఆ ఊరికంతటికీ అతనొక్కడే. కానీ ఆ ఫారాలు లెక్కల తనిఖీకి వెళ్ళి, గడువు తీరాక తుక్కయ్యేవి. ఇంట్లో మిగిలేది చించి ఇచ్చిన కూపను ముక్క. పంపినవాడి పేరు, ఊరు, రెండు మాటలు, ఒక ముద్ర. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. తర్వాతి ఏడాది లక్షలమంది కాలినడకన అడవులు దాటి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. ఒక కుటుంబం దాచుకున్న కూపన్లను తేదీల వారీగా పేర్చి, చివరిది ఎప్పటిదో చూడండి. 1960లలో మళ్ళీ ఒక విడత వచ్చినవాళ్ళు కొందరు విశాఖలో కంచరపాలెం దగ్గర స్థిరపడ్డారు. ఆ చోటు పేరు ఇప్పటికీ బర్మా క్యాంపే.

తపాలా బిళ్ళల మోజున్నవాళ్ళకు ఒక విన్నపం. బిళ్ళ కోసం కవరు మూల కత్తిరించకండి. బిళ్ళ లక్షల్లో అచ్చయింది, అది ఎక్కడైనా దొరుకుతుంది. చిరునామా, ముందూ వెనకా పడిన ముద్రలు ఆ ఒక్క కవరుకే ఉంటాయి.

తెలంగాణలో పని ఇంకొంచెం కష్టం. నిజాం తపాలా శాఖ వేరు. 1869 నుంచి సొంత బిళ్ళలున్నాయి. 1950 ఏప్రిల్ 1న అది భారత తపాలాలో కలిసింది. అంతకుముందరి కాగితాలు చదవాలంటే ఉర్దూ రావాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మెట్లెక్కే ముందు ఉర్దూ అక్షరాలు నేర్చుకోండి, ఉద్యోగం వచ్చేదాకా ఎలాగూ ఖాళీయే.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. పోస్టాఫీసు ఉత్తరాలు వచ్చేవాళ్ళనే ఎరుగును. నల్లమల పెంటల్లోని చెంచులకు కార్డు ముక్క రాసేదెవరు? లిస్టులో లేదు కనక ఊరు లేదని మీరు తీర్మానిస్తే, రెవెన్యూవారు చేసిన అన్యాయమే మీరూ చేసినవారవుతారు. ఉత్తరాలు రాని ఊళ్ళ కోసం అటవీ శాఖ కాగితాలూ ముసలివాళ్ళ నోళ్ళూ వెతకాలి.

మునిగిన ఊళ్ళది మరో రకం. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాది వేశారు. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇళ్ళు నీళ్ళలో కలిసినా ఉత్తరాలు పాత పేరుతోనే వచ్చేవి. ఎవరు ఏ పునరావాస కాలనీకి పోయారో, ఎవరు పట్నం చేరారో పోస్టుమాన్‌కు నోటికి వచ్చు. ఆ చిరునామా కొట్టేసి పక్కన అతను రాసిన కొత్త చిరునామా ఉందే, చెదిరిన ఊరికి అంతకంటే నమ్మకమైన జాబితా నేను చూడలేదు. పోలవరం ముంపు కింద 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు మండలాల పిన్‌కోడ్ చూడండి, నేటికీ ఖమ్మం వరస 507తోనే మొదలవుతుంది. 1972లో వచ్చిన ఆరంకెల లెక్కకు రాష్ట్ర విభజన సంగతి ఇంకా తెలియదు. పోలవరం కింద ఊళ్ళు ఇప్పుడే కదులుతున్నాయి కనక ఈ జాబితా రాసుకునే అవకాశం మీకు ఇంకా ఉంది.

ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ బ్రాంచి పోస్టాఫీసులో పూర్వం పనిచేసిన పోస్టుమాన్ ఎవరో కనుక్కోండి. ఏ పూట ఏ ఊరు తిరిగేవాడో, ఎక్కడ వాగు దాటేవాడో, ఏ గుడిసె దగ్గర మంచినీళ్ళు తాగేవాడో వరసగా చెప్పమనండి. ఆయన చెబుతుంటే మీరు పటం గీయండి. గీత వంకరపోయినా ఫరవాలేదు, పేర్లు మాత్రం ఆయన పలికినట్టే రాయండి. ఒక నకలు మీ శాఖ గ్రంథాలయంలో ఇచ్చి రసీదు పుచ్చుకోండి.

రిజిస్ట్రారు గారు రెండోసారి గడియారం చూశారు. పట్టాల కోసం మీరు, ఫొటోల కోసం మీ అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు. సెలవు.