వృద్ధాశ్రమమునకు గోడలు మాత్రమే చాలవు



మన సంఘము వృద్ధాశ్రమము నెలకొల్ప సంకల్పించుట మిక్కిలి ముదావహము. 2007 సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 19వ విభాగమున ప్రభుత్వము జిల్లాకొకటియైనను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమును నెలకొల్పవచ్చునని యున్నది. నెలకొల్పవచ్చు నన్నదే గాని నెలకొల్పి తీరవలె ననలేదు. కనుక మనవంటి సంఘములకు పని మిగిలియే యున్నది.

దాతలారా! శిలాఫలకముపై పేరు చెక్కించు గదికి విరాళము సులభముగ వచ్చును; రాత్రి మేల్కొనియుండు పరిచారికకు జీతము దొరకుట కష్టము. మంచము పట్టినవారిని సుమారు రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పనిచో వీపున పుండ్లు పడును. ఆ పని పాలరాయి చేయజాలదు. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్మీయు, రాత్రి దీపమును లేనిచో జారిపడి తుంటియెముక విరుగవచ్చును. వయసు మీరినవారికి దప్పిక తెలియుట తగ్గును, అడుగకయే నీరీయవలయును. పండ్లు లేనివారికి అన్నము మెత్తగ వండవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, వారిని "ఓ ముసలీ" యనక వరుసపెట్టి పిలువవలయును.

కట్టడమునకు వ్యయ మొకమారే, సేవకు నెలనెలయు. కావున మేము కోరున దిది: విరాళములలో సగము మూలధనముగ నుంచి, దాని వడ్డీని పరిచారకుల జీతములకే వినియోగింపవలెను. నెలకొకమారు, ముందుగ తెలుపకయే, ఇద్దరు సభ్యులు, అందొకరు స్త్రీ, పోయి వృద్ధులతో ఏకాంతమున మాటలాడి, విన్నది సంఘమునకు వ్రాతమూలముగ తెలుపవలెను.

రేపు ఆ మంచములపై పరుండువారము మనమే కావచ్చునని మరువకుందుము గాక!