ఆరవ తరగతి హిందీ పాఠము: ఎవరి విధి యెంత?

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

  

విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. విద్య యనగానే మన సభలలో పదవ తరగతి మార్కులు, ఇంజనీరింగు సీట్లు, విద్యార్థి వసతిగృహమునకు చందాలు ప్రస్తావనకు వచ్చుట వాడుక. వానిని గూర్చి నాకంటె చక్కగా చెప్పగలవారు ఈ వేదికపై నున్నారు. నేను హిందీ పండితుడనుగా జీవితము గడపినవాడను గనుక ఒక చిన్న విషయమునే యెత్తుకొనుచున్నాను. పలాస, టెక్కలి, ఉద్దానము గ్రామములలోని బడులయందు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు జరుగు హిందీ పాఠమే ఆ విషయము.

మన బంధువర్గమున అమెరికాలో స్థిరపడినవారు కలరు. అచ్చట మిడిల్ స్కూలు అనబడు తరగతులలో, అనగా మన బిడ్డలు హిందీ మొదలిడు వయస్సుననే, పలుచోట్ల పిల్లలు స్పానిష్ భాషను నేర్చుకొందురు. ఆ దేశమున స్పానిష్ మాటలాడు జనము కోట్లలో నున్నారు. ప్రక్కదేశమైన మెక్సికో భాషయు నదియే. పాఠములారంభమగు దినములలోనే ఉపాధ్యాయుడొక కాగితము నింటికి పంపును. విద్యార్థి తరగతికి ఏమేమి తేవలెను, బడికి రానినాటి పాఠము నెట్లు పూరించుకొనవలెను, మార్కులు వేనికెన్ని, తప్పు పలికిన తోటివానిని చూచి నవ్వరాదు — ఇట్టివన్నియు నందు వ్రాయబడి యుండును. బిడ్డయు తల్లిదండ్రులును చేవ్రాలు చేసి దానిని తిరిగి పంపవలెను. మనవారు చదువకయే సంతకము చేయుదురని ఒక పాప నాతో చెప్పినది. అది వేరు మాట. కాగితమైనను కలదు గదా!

మనకట్టి కాగితము లేదు. దానికి మారుగా ఒక యంకె కలదు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో తక్కిన విషయములకు 35 మార్కులు రావలసియుండగా, రెండవ భాషయగు హిందీకి 20 వచ్చిన చాలునను నియమము చాల యేండ్లుగా నడచుచున్నది. తెలుగు బిడ్డపై దయతో చేసిన నియమమే యది. కాని ఆ యంకె పదవ తరగతినుండి దిగి ఆరవ తరగతిలో కూర్చున్నది. గురువు పిల్లవానినుండి 20 కోరును, పిల్లవాడు గురువునుండి ఆ 20 తెచ్చు ప్రశ్నలను కోరును, తల్లిదండ్రులేమియు కోరరు. ఎవరును వ్రాయకున్నను అందరును తప్పక పాటించు ఒప్పందమిది.

దీనివలన కలుగు నష్టమును చూడుడు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరి తోటలు, జీడి తోటలు ఎట్లు నేలగూలినవో మీరెరుగుదురు. కొబ్బరిచెట్టు తిరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును, కడుపు అన్నాళ్లాగదు. పలాసలో రైలెక్కి పనికై పోయిన యువకు లెందరో కలరు. గుజరాతులోని వెరావల్ రేవునుండి వేటకు పోయిన మన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాను వారికి పట్టుబడి, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై వచ్చిరి. అదే సంవత్సరము ఏప్రిలులో, లాక్‌డౌను దినములలో, వేలమంది వెరావల్‌లో పడవలపైననే చిక్కుకొని పిదప బస్సులలో ఇల్లు చేరిరి. వారు మన కులస్థులా యని నన్నడుగవలదు. అట్టి కష్టము కులమడిగి రాదు. పరాయి రేవున మేస్త్రితో, వైద్యునితో, పోలీసువానితో తన గోడు తాను చెప్పుకొనుటకు 20 మార్కుల హిందీ చాలునా?

హిందీ మనకేల యను వాదము పాతదే. 1937లో రాజాజీ ప్రభుత్వము మద్రాసు రాజధానిలో దానిని నిర్బంధ పాఠ్యముగ ప్రవేశపెట్టినపుడు పెద్ద యాందోళనము చెలరేగి, 1940లో ఆ నిర్బంధము తొలగింపబడినది. ఆ వాదమున నేను దిగను. పాఠమనునది జరుగుచున్నంత కాలము అది వ్యర్థము కారాదనుటయే నా మనవి.

విద్యార్థి విధులలో పుస్తకము, కాపీ, వేళకు వచ్చుట యనునవి చెప్పనక్కరలేదు. ప్రధానమైన విధి యొక్కటే: ప్రతిదినము నోరు తెరచి పలుకుట. మన బిడ్డలు హిందీని వ్రాయుదురు, చూచి వ్రాయుదురు, అందముగా కూడ వ్రాయుదురు, పలుకరు. పలుకకున్న ‘ఖానా’ యనవలసినచోట ‘కానా’ యని, అన్నమడుగబోయి ఒంటికంటివాని నడిగినట్లగును. లింగభేదము ఇంకను చిక్కైనది. మన తెలుగున ఆమె వచ్చినది, ఆవు వచ్చినది, బండి వచ్చినది. క్రియ మూటికి నొక్కటే. హిందీలో తలుపు పురుషుడు, కిటికీ స్త్రీ: ‘దర్వాజా ఖులా’, ‘ఖిడ్కీ ఖులీ’. ‘రామ్ నే రోటీ ఖాయీ’ యన్నచో తిన్నవాడు రాముడే, క్రియ మాత్రము రొట్టెను వెంబడించును. ఇచ్ఛాపురము, మందస వైపున ఇంట ఒడియా మాటలాడు బిడ్డలకు హిందీ మాటలు కొంత తెలిసినట్లే తోచును గాని, ఒడియా క్రియకు లింగభేదమే లేకుండుటచే వారును ఇచ్చటనే జారుదురు. కాబట్టి తప్పులు వందలు దొర్లును. ఆ తప్పులు చేయుట బిడ్డ విధి. నవ్వకుండుట తోటివారి విధి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల ఆ సంవత్సరమంతయు నోరు విప్పదు; ఇది నేను కన్నులార చూచినది.

గురువు విధి బిడ్డ యింటిభాష నెరుగుటతో మొదలగును. మన జిల్లావాడైన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నున్నపుడు సవరలనుండియే సవరభాష నేర్చి, పిదప ఆ బిడ్డలకు పాఠ్యపుస్తకములు వ్రాసిరి. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు నేటి నా గ్రాంథికమును విన్నచో చీవాట్లు పెట్టియుండును, సంచికలోని పెద్దల మర్యాద యిట్లున్నది.) తెలుగు క్రియ, ఒడియా క్రియ యెట్లుండునో తెలిసిన పండితుడు తప్పు నెచ్చట కనిపెట్టవలెనో ముందే యెరుగును. అయితే అట్టి పండితుడు బడిలో నుండవలెను గదా! 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లల కొక యుపాధ్యాయుని, భాషలకు కనీసమొక యుపాధ్యాయుని విధించినది. తెలుగు, హిందీ, ఆంగ్లము మూటికి కలిపి ఒక్కరున్నను ఆ కనీసము నిండినట్లే! దీనిని గూర్చి అడుగవలసినవారు తల్లిదండ్రులే. అదే చట్టము పాఠశాల యాజమాన్య సంఘములో నాల్గింట మూడు పాళ్లు వారికే యిచ్చి, మొత్తమున సగము స్త్రీలుండవలెనని నియమించినది. ఆ సంఘమున మీ పేరుండి, హిందీ పండితుని ఖాళీని గూర్చి యొక్క యర్జీయైన వ్రాయనిచో, పండితులను నిందించు హక్కు మనకు లేదు.

ఇక నింటి విధి. జీడిపిక్కలు రాలు దినములలో పిల్లలను తోటకు పంపుటయు, తల్లి పలాసలో జీడిపప్పు పనికి పోయినపుడు పెద్దపిల్లను చంటిబిడ్డకు కాపు పెట్టుటయు నాకు తెలియనివి కావు. పేదరికమును తప్పుపట్టుటకు నేను రాలేదు. కాని భాష లెక్కలవంటిది కాదు. నెలదినములు మానినచో పుస్తకము చూచి యందుకొనవచ్చును గాని, పోయిన పలుకు తిరిగి రాదు. మానక తప్పనిచో వెరావల్‌లోనో సైన్యములోనో నున్న మేనమామ టెలిఫోను చేసినపుడు ఐదు నిమిషములు బిడ్డతో హిందీలో మాటలాడుమని కోరుడు. ఖర్చు లేని ట్యూషను అది.

పోషకులకు నా విన్నపము స్వల్పము. ప్రతియేట పదవ తరగతి వారికి వెండి పతకములు ఇచ్చుచున్నారు, మంచిదే. అందొక భాగమును ఈ చిన్న తరగతుల వైపు మరల్పుడు. 1918లో మద్రాసున హిందీ ప్రచారము మొదలయ్యెను. గాంధీగారి కుమారుడు దేవదాసుగారే తొలిపాఠములు చెప్పిరి. ఆ దక్షిణభారత హిందీ ప్రచార సభవారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలకు కట్టు రుసుము మీకు లెక్కలోనిది కాదు, పేదబిడ్డకు లెక్కలోనిదే.

తుదకు ఆ కాగితము. అమెరికా వారిదానిని మక్కికి మక్కిగా దింపనక్కరలేదు. ఒక్క పుటలో, పెద్ద యక్షరములతో, తెలుగున నుండవలెను. సరిహద్దు గ్రామములకు ఒడియాలోను ఉండవలెను. బిడ్డ దినమునకు పది వాక్యములు బిగ్గరగా పలుకుననియు, గురువు ప్రతివానిని వారమున కొకమారైన పలికించుననియు, ఇంటివారు పనికై బడి మాన్పింపరనియు, మాన్పించినచో ముందుగా చెప్పుదురనియు నందుండిన చాలును. తండ్రి వేటలో నున్నచో తల్లి, ఆమెయు లేనిచో నాయనమ్మ చేవ్రాలు చేయవచ్చును. చదువురాని వారికి మన యువజనులలో నొకరు దానిని చదివి వినిపింపవలెను. విన్న పిదప వేలిముద్ర చెల్లును. జూను నెలలో బడులు తెరచునాటికి టెక్కలిలో ప్రతులు అచ్చు వేయించు ఖర్చు నేను భరింతును. ఊరూర పంచి, సంతకములు చేయించి తెచ్చు పనికి యువజనులలో నెవరు ముందునకు వత్తురో, మధ్యాహ్న భోజనమునకు లేవకముందే పేర్లు కార్యదర్శిగారికి తెలుప గోరుచున్నాను.