క్రేగివార్: నిలువుగా లేచిన ఇల్లు

స్కాట్లండు దేశమున కోటలు అనేకములు కలవు. కోట యనగానే మన మనస్సునకు విశాలమైన ప్రాకారములు, అగడ్తలు, ఫిరంగులు స్ఫురించును. కాని ఆ దేశస్థులు కోట యని పిలుచు కట్టడములలో పెక్కింటిని ఇండ్లనుటయే సబబు. వంటిల్లు, కొట్టుగది, చావడి, పడకగదులు మొదలగు వానిని ప్రక్కప్రక్కన గాక ఒకదానిపై నొకటి పేర్చినచో నెట్లుండునో, బురుజును బోలిన ఆ ఇల్లు అట్లుండును. వానిలో మిక్కిలి సొగసైన దానిగా పేరొందిన క్రేగివార్‌ను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

ఇల్లిట్లు నిలువుగా పెరుగుటకు మొదటి కారణము భయము. ఇంగ్లండు సరిహద్దున పశువులను తోలుకొనిపోవు దోపిడిగాండ్ర బెడద యుండెను. ఉత్తరమున వంశవైరములు తఱచు. 1535లో స్కాట్లండు పార్లమెంటు ఒక శాసనమును చేసెను. సరిహద్దు ప్రాంతములలో 100 పౌన్ల విలువగల భూమి యున్నవారు 60 అడుగుల చదరపు ఆవరణమును రాతితో, సున్నముతో కట్టవలెను. కావలసినచో దానిలో బురుజును లేపుకొనవచ్చును. ఇట్టి యిండ్లకు ద్వారము ఒక్కటే. చెక్కతలుపు వెనుక ఇనుపకడ్డీల తలుపు మఱియొకటి. నిప్పు పైకి ప్రాకకుండుటకై క్రింది అంతస్తునకు రాతి కమాను కప్పు. పైకి పోవుటకు ఇరుకైన మెలికల మెట్లు.

క్రేగివార్ ఆబర్డీన్ నగరమునకు పశ్చిమమున, కొండవాలున నున్నది. దానిని పూర్తిచేసినవాడు యోధుడు గాడు, వర్తకుడు. విలియం ఫోర్బ్స్ నేటి పోలండులోని డాన్జిగ్ రేవుతో వ్యాపారము చేసి ధనమార్జించెను. కావుననే జనులు అతనిని ‘డాన్జిగ్ విల్లీ’ యనిరి. మార్టిమర్ కుటుంబమువారు మొదలిడి ముగింపలేకపోయిన కట్టడమును అతడు 1610లో కొని, 1626లో పూర్తిచేసెను. మఱుసటి సంవత్సరమే మరణించెను. పదునారేండ్లు కట్టించిన యింటిలో అతడు సుఖించినది ఒక్క యేడాది!

ఆ యింటిని క్రిందినుండి పైకి చూచినచో ఒక కాలము వెళ్లి మఱియొక కాలము వచ్చుట కానవచ్చును. క్రింద గోడలు నున్నగా, అలంకారము లేక నిలిచి యుండును. అది పాత భయము. పై అంతస్తులలో గోడ నుండి ముందునకు పొడుచుకొని వచ్చిన రాళ్లపై గుండ్రని చిన్న బురుజులు, కోసు కప్పులు, మెట్లవలె దిగు ముక్కోణపు గోడలు గుంపుకట్టి యుండును. అది క్రొత్త సంపద. లోపలి చావడిలో కప్పంతయు సున్నపు చిత్రపు పనియే. పొయ్యిపైని స్టూవర్టు రాజుల చిహ్నము అతి పెద్దది. ఏడంతస్తుల ఆ యింటిని ఫోర్బ్స్ సంతతివారు మూడు శతాబ్దములకు పైగా తమదిగా నుంచుకొనిరి.

అది నేటికిని నిలిచి యుండుటకు కారణము, చేసిన పనులకంటె చేయని పనులే. 1820వ దశకమున ఆబర్డీన్ వాస్తుశిల్పి జాన్ స్మిత్ పరీక్షించి, ఇది కాపాడదగిన కట్టడమని యజమానికి సలహా నిచ్చెను. కప్పు బాగుచేసిరి, రూపము మార్చలేదు. 1963లో అది స్కాట్లండు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చెను.

ఐనను, మంచి మనస్సుతో చేసిన మరమ్మతు కూడ కీడు చేయగలదు. పూర్వము ఆ గోడలకు సున్నమును, చిన్న రాళ్లను కలిపి విసరికొట్టి పూతపూయుచుండిరి. సున్నపు పూత వానచెమ్మను పీల్చి, ఎండినపుడు తిరిగి విడిచివేయును. 20వ శతాబ్దమున దానికి మారుగా సిమెంటు పూసిరి. సిమెంటు గట్టిదే, కాని లోనికి జొచ్చిన తేమను బయటికి పోనీయదు. గోడలు చెమ్మగిల్లెను. చివరకు సిమెంటు నంతయు ఒలిచి, మరల సున్నమే పూసి, లేత గులాబివన్నె వేసి, 2010లో ఇంటిని మరల తెఱచిరి. గట్టితనమొక్కటే మేలు కాదని ఆ గోడలే నేర్పినవి.

క్రింది అంతస్తు దాటినచో ఆ యింటిలో విద్యుద్దీపములు లేవు. 1626లో ఏ కిటికీల వెలుగున ఫోర్బ్స్ తన చావడిని చూచుకొనెనో, ఆ వెలుగుననే నేటి యాత్రికులును దానిని చూచుచున్నారు.