గంధశాసనము



1926లో స్థాపితమైన ఈ ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదువుకొన్న మీరు విశాఖపట్నములోని పూర్ణా మార్కెట్టునకు ఎన్నిమారులో పోయియుందురు. అచ్చట బెల్లపు దిమ్మెలపై ముసురుకొను తేనెటీగలను చూచియుందురు, మగ్గిన అరటిగెలల వాసనను ఆఘ్రాణించియుందురు. తేనెటీగ కుట్టినపుడు దాని ముల్లు చెంతనుండి వెలువడు ఐసో అమైల్ ఎసిటేట్ అను ద్రవ్యమునకును దాదాపు ఆ వాసనయే కలదు. అది తక్కిన ఈగలకు అపాయసూచన గనుకనే ఒకటి కుట్టినచోటికి మరి పది వచ్చిపడును. ఒక జీవి వెలువరించి తన జాతిలోని వేరొక జీవి నడవడిని మార్చు ఇట్టి ద్రవ్యములకు 1959లో కార్ల్‌సన్, లూషర్ అను శాస్త్రజ్ఞులు ఫెరోమోనులని పేరిడిరి.

రాణి ఈగ దవడగ్రంథులనుండి వెడలు గంధము పట్టంతయు వ్యాపించి, కొత్త రాణిని పెంచు యత్నము నణచి, కూలి ఈగల అండాశయములను ఎదుగనీయదు. అయినను తేనె రాబడి కోరువారు ముఖ్యముగా గమనింపదగినది పిల్లల గంధము. గదులలోని పిల్లపురుగుల చర్మముపై నుండు పది ఈస్టర్ల మిశ్రమమును ఫ్రాన్సుదేశమున లెకాంట్ ప్రభృతులు గుర్తించిరి. టెక్సాసులో టాన్యా పాన్‌కివ్ దానిని కృత్రిమముగా తేనెటీగల పెట్టెలయందుంచి చూడగా, పుప్పొడికై పోవు ఈగల పాలు హెచ్చినది, పిల్లల పట్టు విస్తరించినది. పసిపాప ఏడ్పు తల్లిని కదిలించునట్లు ఆ గంధము కూలి ఈగలను కదిలించుచున్నది. మోతాదు మాత్రము మిక్కిలి సూక్ష్మవిషయము: కొలది గంధము చిన్నవయసు ఈగలను త్వరగా వెలికి పంపును, అధికమైనచో వానిని పట్టులోనే చిరకాలము నిలిపివేయును.

ఇక మన అరకులోయను తలపుడు. 1956లో ఏర్పడి ఈ నగరముననే ప్రధాన కార్యాలయము గల గిరిజన సహకార సంస్థ, కొండజనులు తెచ్చిన తేనెను కొని, పట్టణముల వారికి అమ్ముచున్నది. శీతకాలారంభమున వలిసె పూత కొండవాలుల పచ్చగా పరచుకొన్నపుడు అచ్చటి ఈగలకు పుప్పొడి పుష్కలము. పూలు లేని దినములందో, మన దేశవాళి ఈగ పెట్టెను విడిచి లేచిపోవుటయు కలదు. అట్టి కరవున కృత్రిమగంధమును పెట్టి, లేని పిల్లలకై ఈగలను లేని పుప్పొడికి తరుముట శాస్త్రము కాదు, క్రౌర్యమని నా దృఢవిశ్వాసము. పూవున్నచోటనే ఆ గంధము సార్థకము. అడవిని నరికివేసి సీసాలోని ద్రవ్యముతో తేనెను పెంపజూచుట వ్యర్థము.

జీవశాస్త్ర, రసాయనశాస్త్ర పట్టభద్రులారా, ఐరోపా ఈగకు కుదిరిన మోతాదు మన చిన్న ఈగకును కుదురునని ఎంచకుడు. సమబలముగల పెట్టెలను జతలుగా నమర్చి, ఒకదానికి గంధమునిచ్చి, రెండవదానికి ఈయక, వలిసె పూతకు ముందును, పూత నడుమను పిల్లలపట్టు వైశాల్యమును, తేనె తూకమును వ్రాసియుంచుడు. ఆ పెట్టెలు గిరిజన కుటుంబములవి గనుక, లాభమైనను నష్టమైనను ఆ లెక్కను పత్రికలకంటె ముందు వారి ముంగిట కూర్చుండి, వారికి తెలియు మాటలలో చదివి వినిపింపుడు.