చిత్రగుప్తుడి చిట్టా మన చేతికి రావాలి
(పేట సభలో చేసిన ప్రసంగం)



పొద్దున్నించీ నాట్లేసి నడుములు పడిపోయి వచ్చారు. అందుకే మీ అందరికీ తెలిసినోడి గురించే మాట్లాడతాను. ఆయన పేరు యముడు.

నవ్వుతున్నారు గదా! సినిమాలు గుర్తొచ్చాయి. యముడంటే మనకి కైకాల సత్యనారాయణే. మన కృష్ణా జిల్లా కౌతవరం మనిషి, 2022లో పోయాడు. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) - అన్నింట్లో యముడు ఆయనే. చావుని చూసి కూడా నవ్వగలగడం మంచిదే. ‘యముడికి మొగుడు’లో, కాలం తీరకుండానే నన్నెందుకు పట్టుకొచ్చారని హీరో యముణ్ణే నిలదీస్తాడు. చిట్టాలో తప్పు బయటపడుతుంది. హీరో మళ్లీ భూమ్మీదికొస్తాడు. హాలంతా ఈలలు!

మరి మనోళ్లు కాలం తీరకుండా పోతే ఏ చిట్టా తిరగేశారు?

యముడికి సమవర్తి అని పేరు. అందర్నీ ఒక్కలాగే చూస్తాడట. చుండూరులో చూశాడా? 1991 జూలైలో, సినిమా హాల్లో, ఒక దళిత యువకుడి కాలు అగ్రకులపోడికి తగిలింది. తెర మీదైతే అది హాస్యం. చుండూరులో అది సాంఘిక బహిష్కరణ అయింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. యముడు దున్నపోతెక్కి రాలేదు. గొడ్డళ్లు పట్టుకుని, పక్కనున్న ఊళ్లోంచే వచ్చాడు.

గోతాలెందుకు? శవం దొరక్కపోతే చిట్టాలో పేరెక్కదు. మనోళ్లు ఊరుకోలేదు. శవాల్ని తెచ్చి ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు. దాన్నే రక్తక్షేత్రమన్నారు. కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరుకి రప్పించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చంపారో రుజువు కాలేదంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పొలాలెంబడి పరిగెత్తినోళ్లు గడియారం చూసుకుంటారా, తమ్ముళ్లారా? మరి ఆ ఎనిమిది మందిని చంపిందెవరు? నిజంగా యముడేనా?

అందుకే చెబుతున్నా. చిత్రగుప్తుడి చిట్టాని వాళ్ల చేతుల్లోనే వదిలెయ్యొద్దు. దాడి జరిగితే తేదీ, వేళ, చోటు, చూసినోళ్ల పేర్లు ఆ రోజే రాసుకోండి. చదువుకున్న పిల్లలు పేటకో నోటుపుస్తకం పెట్టండి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, మీరు నోటితో చెప్పింది పోలీసులు రాసుకుని, మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. వేలిముద్ర వేసే అవ్వకి కూడా ఈ హక్కుంది. చదివి వినిపించేదాకా వేలు కదపొద్దు. కాపీ చేతికొచ్చేదాకా మెట్టు దిగొద్దు.

‘యమగోల’లో హీరో యమభటుల్నే కూడగట్టి యముడి మీద తిరగబడతాడు. ఆ ముక్క రాసినోడికి మన సంగతి తెలుసో లేదో గానీ మనకి పనికొచ్చే ముక్క అది. యముడి కొలువులో కూడా ఒంటరిగా నిలబడితే పని జరగదు. పేటంతా కదిలితేనే చిట్టా కదులుతుంది.

జై భీమ్!