వెనుక గదికీ వైఫై



మా బళ్లారి ప్రాంతంలో పాత ఇళ్ల గోడలు ఎంత మందమో మీకు తెలుసు. వేసవిలో ఇల్లు చల్లగా ఉందని మనం మెచ్చుకునే ఆ రాతిగోడలే వైఫైకి అడ్డం. మా నాన్నగారికి ఎనభై దాటాయి. వెనుక గదిలో ఉంటారు. రోజూ సాయంత్రం కర్నూలులో ఉన్న మా అక్కతో వీడియోలో మాట్లాడేవారు. రౌటరేమో ముందు హాలులో ఉంది. "వినపడతాందామ్మా?" అని ఆయన అడిగేవారు. జవాబు వచ్చేలోగా బొమ్మ నిలిచిపోయేది. కొన్నాళ్లకు ఆయన ఫోన్ కలపమని అడగడమే మానేశారు. అప్పుడు గాని నాకు బీరువాలోని పాత రౌటర్ గుర్తుకు రాలేదు.

దాన్ని తెచ్చి, తీగ తగిలించి, పని అయిపోయిందనుకున్నాను. మరునాటి నుంచి ఇంట్లో ఒకరికి నెట్ వస్తే ఇంకొకరికి రాదు! తప్పు నాదే. ఎందుకో చెబుతాను.

ఇంట్లోని ప్రతి ఫోనుకూ రౌటర్ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. ఈ పంపకానికి డి.హెచ్.సి.పి. అని పేరు. ఒకే తరగతిలో ఇద్దరు పంతుళ్లు చెరొక హాజరుపట్టీ పట్టుకుని రోల్ నంబర్లు ఇస్తే ఏమవుతుంది? ఒకే నంబరు ఇద్దరు పిల్లలకు పడుతుంది. మా ఇంట్లో జరిగిందదే. పైగా రెండు రౌటర్ల సొంత చిరునామా కూడా 192.168.1.1 గానే ఉంది.

కనుక వరుస తప్పకుండా ఇలా చేయండి. ముందుగా పాత రౌటర్ వెనుక ఉన్న రీసెట్ మీటను పది సెకన్ల పాటు నొక్కి పట్టండి. పాత అమరికలు పోతాయి. దాన్ని విడిగా, కంప్యూటరుకు మాత్రమే కలిపి తెరవండి. అమరికల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకోండి, సగం పని తీరుతుంది. లేకపోతే మూడు పనులు ఉన్నాయి.

ఒకటి, వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటి రౌటరువే పెట్టండి. ఛానెల్ మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఒకదానికొకటి అడ్డురావు. రౌటర్ అమరికలు తెరిచే పాస్‌వర్డ్‌ను కూడా అప్పుడే మార్చండి.

రెండు, దాని సొంత చిరునామా మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు. కాని మొదటి రౌటర్ ఫోన్లకు పంచే అంకెల్లో అది ఉండకూడదు.

మూడు, కొత్త చిరునామాతో మళ్లీ తెరిచి, డి.హెచ్.సి.పి. ఆపేయండి. హాజరుపట్టీ ఒక్క పంతులు చేతిలోనే ఉండాలి.

ఇక తీగ. మొదటి రౌటర్ లాన్ రంధ్రం నుంచి రెండోదాని లాన్ రంధ్రానికే కలపండి. వాన్ అని రాసి ఉన్న రంధ్రం జోలికి పోకండి. లాన్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మేము గోడ తొలవకుండా కిటికీ పక్క నుంచి తీసుకున్నాం. తీగ లేని రిపీటర్ పెట్టవచ్చు కదా అంటారేమో. అది గాలిలో అందుకున్నదాన్నే మళ్లీ గాలిలో పంపాలి. అందువల్ల చాలాసార్లు వేగం సగానికి పడిపోతుంది. తీగతో ఆ నష్టం లేదు.

ఒక్క మాట. గది మారినా ఫోన్ ఒక్కొక్కసారి దూరపు రౌటరునే పట్టుకుని ఉంటుంది. వైఫైని ఒకసారి ఆపి, మళ్లీ పెట్టండి, చాలు.

మీ ఇంట్లోనూ మూలగదిలో ఒక పెద్దవారో, పరీక్షకు చదివే బిడ్డో ఉండవచ్చు. వారు అడగడం మానేశారంటే అవసరం తీరిందని కాదు. పాత రౌటర్ ఉంటే బయటికి తీయండి.

మా నాన్నగారు ఇప్పుడు "వినపడతాందామ్మా?" అని అడగడం లేదు. నేరుగా, "అన్నం తిన్నావా?" అంటున్నారు.

సెలవు.