చిక్కుకొన్న బస్సును లాగునప్పుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



వానకాలమున మన దారులలో బస్సు దిగబడుట క్రొత్త సంగతి కాదు. ప్రయాణికుల బస్సులే గాక, వేరు పనులకై మార్చిన బస్సులును ఇప్పుడు పల్లెలకు వచ్చుచున్నవి. 2020లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బస్సులు కొన్ని కోవిడ్ పరీక్షల కొరకు సంచార కేంద్రములుగా మార్చబడినవి. మంచములు, వంటగది, నీళ్ల ట్యాంకు అమర్చుకొని యాత్రలు చేయువారి బస్సులును కలవు. ఇట్టి బస్సు చిక్కుకొన్నచో అందరును మొదట వెదకునది ఊరి ట్రాక్టరునే. సాయపడుట మన ధర్మము. కాని గొలుసు ఎచ్చట తగిలింపవలెనో తెలియనిచో, సాయము చేయవచ్చిన ట్రాక్టరు డ్రైవరు ప్రాణమునకే ముప్పు కలుగును. నేడు మనము ముఖ్యముగా విచారింపవలసినది ఇదియే.

మొదట ట్రాక్టరు వైపు చూతము. గొలుసును వెనుక క్రిందుగా నుండు డ్రాబారుకే తగిలింపవలెను. ఇరుసుకుగాని, సీటు వెనుక ఎత్తుగా నుండు కొక్కెమునకుగాని కట్టరాదు. బస్సు కదలక, గొలుసు ఎత్తునుండి వెనుకకు లాగుచుండగా, ఇంజను బలము ట్రాక్టరు ముందు చక్రములను పైకి లేపును. ఒకటి రెండు సెకండ్లలోనే ట్రాక్టరు వెనుకకు తిరుగబడి డ్రైవరు దానిక్రింద పడును. దూకుటకు వ్యవధి యుండదు. ముందు చక్రము నేల విడచినదని తోచిన తక్షణమే క్లచ్చి నొక్కవలెను. గొలుసు బిగియువరకు మెల్లగా పోనిచ్చి, పిమ్మట లాగవలెను, ఎగిరించి లాగరాదు.

బస్సు వైపున గొలుసు తగిలింపవలసిన చోటు చాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కెము. బంపరు, స్టీరింగు కడ్డీలు ఇందుకు తగవు. మార్చిన బస్సుల విషయమున మరింత జాగ్రత్త వలయును. కొన్నింటిలో చాసిస్ దూలములు వెనుక చివరివరకు ఉండవు. ఆపైనిది బాడీ చట్రము మాత్రమే. దానికి అమర్చిన కొక్కెము పైకి గట్టిగా కనబడినను, లాగినప్పుడు ఊడి రాగలదు. మరియు 500 లీటర్ల నీరు 500 కిలోల బరువు. లాగుటకు ముందు ఆ నీటిని వదలి, మనుష్యులనందరిని దింపవలెను. చక్రముల ముందరి బురదను పారతో తీసి, కంకరయో పలకలో పరచినచో సగము పని తీరును.

తెగిన మోకు తుపాకి గుండు వంటిది. నైలాను మోకు సాగి బలమును దాచుకొనును. తెగినంతనే కొక్కెముతో సహా ఎగిరి వచ్చును. కావున మోకు నడుమ తడి గోనెసంచులు వేసి, జనమును మోకు పొడవునకు ఒకటిన్నర రెట్లు దూరమున నిలుపవలెను. పిల్లలను అసలే దరికి రానీయరాదు.

బురదనుండి బయటకు తీయుట ఒకటి, రోడ్డుమీద లాగుకొనిపోవుట వేరొకటి. సాధారణ ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. పెద్ద బస్సు ఖాళీగా నున్నను 8 నుండి 10 టన్నులు. పల్లమున బస్సే ట్రాక్టరును నెట్టివేయును. మోకు లాగగలదే గాని ఆపజాలదు. ఇంజను ఆగిన బస్సులో స్టీరింగు బరువెక్కును. గాలి బ్రేకులు గల నేటి బస్సులలో గాలి తగ్గినచో స్ప్రింగు బలముచే వెనుక బ్రేకులు బిగిసికొనును. వాటిని వదలించుట మెకానిక్కు పని. వదలించిన పిమ్మట ఆ బస్సు నిలువదు గనుక చక్రములకు ముందే అడ్డుదిమ్మెలు పెట్టవలెను. దూరము లాగవలసినచో ప్రొపెల్లర్ షాఫ్టును విప్పవలెను. లేనిచో ఇంజను తిరుగక, గేరుబాక్సులో నూనె అందక, పళ్లు చెడును. కావున దూరపు పనికి గట్టి ఇనుప కడ్డీతో లాగు రికవరీ వాహనమునే పిలువవలెను.

చట్టమును దీనిని నిర్లక్ష్యము చేయలేదు. లాగబడు బండిలో లైసెన్సు గల డ్రైవరు ఉండవలెననియు, రెండు బండ్ల నడుమ ఎడము 5 మీటర్లు మించరాదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు 1989 నాటి రహదారి నియమములు విధించినవి. 2017లో వాని స్థానమున క్రొత్త నియమములు వచ్చినవి. అయినను ఈ జాగ్రత్తలు నేటికిని పాటింపదగినవే.

ఇక పంచాయతీ చేయదగిన పనులు కలవు. రాబోవు సమావేశమున ఒక తీర్మానము చేయుదము. ట్రాక్టరు యజమానుల పేర్లను, సమీప బస్సు డిపో ఫోను నంబరును కార్యాలయపు గోడపై వ్రాయింతము. మంచి గొలుసు, రెండు అడ్డుదిమ్మెలు, నాలుగు గోనెసంచులు, ఒక ఎర్రజెండా కార్యాలయమున నుంచుదము. ఊరి ట్రాక్టరు డ్రైవర్లను ఒక పూట పిలిచి, డ్రాబారును చేతితో చూపి చెప్పుదము. బస్సు దిగబడు చోటు మనకు తెలిసినదే గనుక, వానలకు ముందే అచ్చట కంకర పోయింతము. బస్సు ఒక పూట ఆలస్యమైనను వచ్చును. బండిక్రింద పడిన పిల్లవాడు మరల ఇల్లు చేరడు. గొలుసు చేతబట్టిన ప్రతిసారియు ఈ మాట గుర్తుంచుకొందము.